ఆస్ట్రేలియా మజిలీ, తిరుపతి కల్యాణ మండపం, మూడు కెమెరాలు

తిరుపతిలో ఒక కల్యాణ మండపం తీసుకుని, మూడు కెమెరాలతో, ఆస్ట్రేలియా కథను లైవ్ టీవీ నాటకంగా ఎలా ఆడొచ్చో చెప్తాను. బ్రిటిష్ టీవీ వాళ్ళకు తొలి రోజుల్లో ఆస్ట్రేలియా కథ చెప్పాలంటే మూడు దారులుండేవి. డబ్బుంటే అక్కడికే పోయి తీయడం. సగం డబ్బుంటే ఆరుబయలు అక్కడ, గదుల లోపల ఇంగ్లండులో. చేతిలో ఏమీ లేకుంటే లండన్ స్టూడియోలోనే నాలుగు చెక్కలు నిలబెట్టి, ఇదే ఆస్ట్రేలియా అని జనాన్ని నమ్మించడం.

మొదటి దారికి ఉదాహరణ 'విప్‌లాష్'. బ్రిటిష్ టీవీ నిర్మాత లూ గ్రేడ్ సంస్థ ఐటీసీ అమ్మిన అరగంట సీరియల్ ఇది. మొత్తం 34 భాగాలు, నలుపు తెలుపు. 1959-60లో సిడ్నీలోని ఆర్ట్రాన్సా స్టూడియోలో, ఆ చుట్టుపక్కల తీశారు. బ్రిటన్‌లో 1960 సెప్టెంబరులో మొదలైంది. అమెరికాలో అమ్ముడుపోవాలి కాబట్టి హీరో అమెరికన్, పీటర్ గ్రేవ్స్. కొన్ని భాగాలు రాసినవాడు జీన్ రాడెన్‌బెరీ, తర్వాత 'స్టార్ ట్రెక్' సృష్టించింది ఆయనే. కథానాయకుడు క్రిస్టఫర్ కాబ్ ఆస్ట్రేలియాలో గుర్రపు కోచ్‌లు నడుపుతాడు. ఈ పాత్రకు మూలం ఫ్రీమన్ కాబ్ అనే అసలు మనిషి. మరో ముగ్గురు అమెరికన్లతో కలిసి మెల్‌బోర్న్‌లో కంపెనీ పెట్టాడు. బంగారు గనుల దారిలో వాళ్ళ మొదటి బండి 1854 జనవరి 30న కదిలింది. కాబ్ 1856లోనే వాటా అమ్ముకుని వెళ్ళిపోయాడు. సీరియల్లో మాత్రం ఏళ్ళ తరబడి దొంగల్ని తరుముతూనే ఉంటాడు. నన్నడిగితే అది ఆస్ట్రేలియా చెట్ల మధ్య తీసిన అమెరికన్ కౌబాయ్ కథే. అయినా చూడదగ్గదే, ఎందుకంటే ఆ వెలుతురు, ఆ మట్టి నిజమైనవి.

రెండో దారికి 1959 నాటి 'ది ఫ్లయింగ్ డాక్టర్'. బయటి దృశ్యాలు ఆస్ట్రేలియావి, ఇంటి లోపలివి ఇంగ్లండులోని ఎల్‌స్ట్రీ స్టూడియోవి. అందులోనూ హీరో అమెరికనే, రిచర్డ్ డెనింగ్.

మూడో దారి అన్నిటికన్నా పాతది, కష్టమైనది, మనకు పనికొచ్చేది. స్టూడియోలో మూడు నాలుగు కెమెరాలు పెట్టి, మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా ఆడి, ఆడుతుండగానే ప్రసారం చేయడం. 1936 నవంబరు 2న బీబీసీ అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి మొదలుపెట్టిన పద్ధతి ఇదే. అక్కడి స్టూడియో సుమారు 70 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. మన ఊళ్ళో మామూలు కల్యాణ మండపం హాలు అంతకంటే వెడల్పుగానే ఉంటుంది. కెమెరాలు, మిక్సర్ (ఏ కెమెరా బొమ్మ బయటికి పోవాలో ఎంచే పెట్టె), టాక్‌బ్యాక్ (డైరెక్టర్ మాట కెమెరామన్ చెవిలో వినిపించే ఏర్పాటు) కావాలంటే పెళ్ళిళ్ళకు లైవ్ మిక్సింగ్ చేసే యూనిట్లు తిరుపతిలో కావలసినన్ని. ఆ రోజుల్లో బీబీసీ దగ్గరున్న దానికంటే మంచి సామాను వాళ్ళ వ్యాన్‌లో ఉంటుంది. నాటక సమాజాలు స్టేజీ నాటకాన్ని వెనక నుంచి ఒక్క కెమెరాతో తీసి యూట్యూబ్‌లో పడేసేకంటే, ఈ పద్ధతిలో పాతిక నిమిషాల టీవీ నాటకం ఆడొచ్చు. కింద రాసిందంతా అలాంటి ఒక నాటకం కోసం. కథాస్థలం 1854 ఫిబ్రవరిలో, మెల్‌బోర్న్ నుంచి బెండిగో వెళ్ళే దారిలో, గుర్రాలు మార్చే ఒక మజిలీ.

ముందు హాలు సంగతి. ఆషాఢంలోనో, మూఢం రోజుల్లోనో తీసుకోవాలి. పెళ్ళిళ్ళుండవు కాబట్టి హాలూ దొరుకుతుంది, యూనిట్టూ దొరుకుతుంది, రెండు చోట్లా బేరమాడొచ్చు. కనీసం రెండు రాత్రులు, ఒక పగలు చేతిలో ఉండాలి. రైల్వే స్టేషన్‌కు దగ్గరి మండపం వద్దు. 1854 సెప్టెంబరు దాకా ఆస్ట్రేలియాలో ఆవిరి రైలే నడవలేదు, మన నాటకంలో మాత్రం గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ కూస్తుంది. జనరేటర్ హాలుకు ఎంత దూరంలో ఉందో, కరెంటు పోతే దాని చప్పుడు లోపలికి ఎంత వస్తుందో ఒకసారి ఆడించి వినాలి. పెళ్ళి వేదిక మీద సెట్టు వేయకండి. కింద బోలుగా ఉంటుంది, అడుగు వేస్తే డోలు మోగినట్టు మోగుతుంది. పైగా కెమెరా కింద, నటుడు పైన అయిపోయి ప్రతి షాటూ గడ్డం కింద నుంచి చూసినట్టుంటుంది. వేదిక మీద మిక్సర్ టేబుల్ పెట్టుకోండి, ముందు పరదా లాగండి. డైరెక్టర్ చూడవలసింది మానిటర్లను. నేరుగా నటుల్ని చూస్తూ కూర్చుంటే పెళ్ళిపెద్ద అవుతాడే గానీ డైరెక్టర్ కాడు.

హాలు 60 అడుగులు బై 40 అనుకుందాం. అడుగుకు పావు అంగుళం లెక్కన గీస్తే 15 బై 10 అంగుళాలు, ఏ3 కాగితంలో సరిపోతుంది. బ్రిటిష్ స్టూడియోల్లోనూ ఈ కొలతే వాడేవాళ్ళు. మూడు సెట్లు మూడు గోడలకు ఆనించి వేయాలి, నడుమ స్థలం కెమెరాలది. పెద్దది మజిలీ గుడిసె లోపలి భాగం, 14 బై 12. దాని పక్కన వాకిలి, 10 బై 8. ఎదురు గోడకు కోచ్ బండి లోపలి భాగం, 6 బై 5. ఎక్కడా కెమెరాకు, సెట్టుకు మధ్య 15 అడుగులకు తక్కువ లేకుండా చూడాలి. అది తగ్గిందంటే వైడ్ షాటులో గోడ అంచు, దాని వెనక నిలబడి టీ తాగుతున్న మేకప్ అబ్బాయి కూడా కనిపిస్తారు.

గుడిసె నిలువు చెక్కలతో కట్టింది, పైన చెట్టు బెరడు కప్పింది. గనుల దారిలో అప్పటి కట్టడాలు చాలావరకు ఇంతే. ఇది ఎక్కడ దొరుకుతుందని వెతకనక్కర్లేదు. మేస్త్రీలు శ్లాబు కింద నిలబెట్టే సెంట్రింగ్ కర్రల్లో ఎక్కువ భాగం నీలగిరి, సరుగుడు. రెండూ ఆస్ట్రేలియాలో పుట్టిన చెట్లే. సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చే వాళ్ళ దగ్గర 10 అడుగుల కర్రలు అరవై తెచ్చుకుంటే రెండు గోడలు, ఒక దూలం అయిపోతాయి. మేకులు కొట్టకూడదు, అద్దె కర్రలు కదా. పైన ఒకటి, కింద ఒకటి అడ్డపట్టీ వేసి జనపనార తాడుతో కట్టాలి. కర్రకూ కర్రకూ సందుంటుంది, దాని వెనక నల్ల గుడ్డ కట్టాలి. లేకుంటే హాలు గోడ మీది డిస్టెంపర్ రంగు చారలు చారలుగా మెరుస్తుంది. బెరడు నీలగిరి తోటల్లో నరికిన చోట రాలిపడి ఉంటుంది, అడిగితే తీసుకుపొమ్మంటారు. రెండు రోజులు ఎండబెట్టి దులపాలి, లేకపోతే చీమలు, తేళ్ళు హాల్లోకి వస్తాయి. ఎండాక అగ్గిపుల్ల చాలు అంటుకోవడానికి. అందుకని పాత హాలొజెన్ లైట్లు ఆ దరిదాపుల్లో పెట్టొద్దు, ఎల్ఈడీలే పెట్టండి. రెండు బకెట్ల ఇసుక సెట్టు వెనకే ఉండాలి.

సామాన్లలో తప్పులు ఎక్కువగా జరిగేది దీపం దగ్గర. హరికేన్ లాంతరు పెట్టేస్తారు, అది 1854కు ఇంకా రాలేదు. సీసా మూతిలో కొవ్వొత్తి, లేదంటే రేకు డబ్బాలో కొవ్వు పోసి గుడ్డ వత్తి వేసిన దీపం పెట్టాలి. మగ్గులు ఎనామిల్‌వి కాదు, తగరపు రేకువి. తీగ పిడి ఉన్న రేకు డబ్బాలో కాగే టీ, పాలు లేకుండా. తినేది డ్యాంపర్ అనే రొట్టె, బూడిదలో కాల్చేది. అరకిలో మైదా, చెంచా ఉప్పు, 280 మిల్లీలీటర్ల నీళ్ళు. పులియబెట్టేది లేదు. రెండంగుళాల మందాన తట్టి, కుంపటి బూడిదలో ముప్పావు గంట పెడితే పైన నల్లగా, లోపల గట్టిగా వస్తుంది. చూడ్డానికి బాగుంటుంది. నోట్లో పెట్టుకుంటే మాత్రం డైలాగు బయటికి రాదు. తినే నటుడికి గోరంత ముక్క ముందే విరిచి పెట్టండి, పక్కనే టీ ఉంచండి.

ఇక బండి. గుర్రాల్ని చూపించాలనే ఆశ వదులుకోవాలి. ప్రయాణికులు కూర్చున్న పెట్టె ఒక్కటి చాలు. అది సరిగ్గా ఊగిందంటే నాలుగు గుర్రాలూ ఉన్నట్టే. కాబ్ కంపెనీ వాడింది అమెరికా నుంచి తెప్పించిన కాంకార్డ్ బండ్లు. వాటికి ఇనుప స్ప్రింగులుండవు, పెట్టె మొత్తం మందపాటి తోలు పట్టీల మీద వేలాడుతుంది. గతుకుల దారిలో ఇనుప స్ప్రింగు విరిగితే మార్చే దిక్కుండదు, తోలు సాగుతుంది గానీ విరగదు. అక్కడ ఆ బండ్లు నిలదొక్కుకోవడానికి ఇదొక పెద్ద కారణం. అందువల్ల ఆ బండి ఆటోలా పైకీ కిందికీ ఎగిరిపడదు, ముందుకీ వెనక్కీ తూగుతుంది. చాలామంది చేసే తప్పు నటుల్ని కుర్చీల్లో ఎగరమనడం. అది చేయొద్దు. ప్లైవుడ్ పలక మీద ఎదురెదురుగా రెండు బెంచీలు బిగించి, పలక కింద రెండు లారీ ట్యూబులు పెట్టండి. గాలి సగమే కొట్టాలి. నిండా కొడితే పలక జారుతుంది, మరీ తగ్గితే నేలకు తగిలి చప్పుడవుతుంది. పలకకు వెనక వైపు రెండు వెదురు బొంగులు కట్టి ఇద్దరు పట్టుకుంటారు. మూడు సెకన్లకొక తూగు, మధ్యలో ఎప్పుడైనా ఒక చిన్న కుదుపు. లయ తప్పకుండా ఊపితే ఉయ్యాలవుతుంది, కాబట్టి ఊపే ఇద్దరిలో ఒకడు కావాలనే కాస్త ఆలస్యం చేయాలి. కిటికీ బయట తెల్ల గుడ్డ, దాని మీద లైటు, లైటుకు ముందు ఒకడు వేపకొమ్మ పట్టుకుని ఒకే దిక్కుకు దాటించి, కింద నుంచి వెనక్కి తెచ్చి మళ్ళీ దాటిస్తాడు. దిక్కు మారిందా, బండి రివర్సులో పోతున్నట్టుంటుంది.

కథ అల్లేటప్పుడు తెలిసి ఉండాల్సినవి: గుర్రాల్ని 16 నుంచి 24 కిలోమీటర్లకొకసారి మార్చేవాళ్ళు. బంగారం తవ్వుకునే వాళ్ళకు నెలకు ఒక పౌండు లైసెన్సు, బంగారం దొరికినా దొరక్కపోయినా కట్టాల్సిందే. లైసెన్సు లేనివాణ్ణి పోలీసులు వేటాడేవాళ్ళు. ఆ కోపమే 1854 డిసెంబరులో బల్లరాట్ దగ్గర యురేకా తిరుగుబాటుగా పేలింది. మజిలీలో దిగిన నలుగురిలో ఒకడికి లైసెన్సు లేదు, కొత్త గుర్రాలు ఇంకా కట్టలేదు, దూరంగా పోలీసు గుర్రం డెక్కల చప్పుడు. పాతిక నిమిషాలకు ఇంత కథ చాలు. భాష విషయంలో నా మాట: మజిలీ నడిపేవాడు చిత్తూరు యాసలో మాట్లాడనీ, కొత్తగా ఓడ దిగిన ప్యాసింజర్ పుస్తకాల తెలుగు మాట్లాడనీ. తేడా దానంతటదే తెలుస్తుంది. 'మేట్' (మిత్రమా) లాంటి ఇంగ్లీషు ముక్కలు మధ్యలో ఇరికిస్తే నవ్వొస్తుంది. ఆదివాసీ పాత్ర పెట్టదలిస్తే మొహానికి మసి పూసే పని మాత్రం వద్దు. 1960లోనే విప్‌లాష్‌లో రాబర్ట్ టుడవాలి అనే ఆదివాసీ నటుడు వేశాడు.

కెమెరా స్క్రిప్టు దగ్గరే ఈ పద్ధతి నిలిచేదీ కూలేదీ. కాగితం రెండు భాగాలు: కుడివైపు సంభాషణ, ఎడమవైపు షాటు నంబరు, కెమెరా నంబరు, ఏం కనిపించాలి. ఏ మాట దగ్గర కట్ చేయాలో ఆ మాట కింద గీత. పాతిక నిమిషాలకు వంద షాట్ల లోపు పెట్టుకోవాలి, అంతకు మించితే కెమెరామన్ ఊపిరి పీల్చుకోలేడు. తర్వాత ఒక్కో కెమెరాకు విడిగా కార్డు రాసి కెమెరాకే క్లిప్పు పెట్టాలి. ఉదాహరణకు షాట్ 41, కెమెరా 2: టేబుల్, టీ డబ్బా ఎత్తిన చెయ్యి. 42, కెమెరా 1: తలుపు, పోలీసు లోపలికి. 43, కెమెరా 3: లైసెన్సు లేనివాడి ముఖం. 44 మళ్ళీ కెమెరా 1. 45, కెమెరా 3: బండి లోపల. ఇక్కడే ఇరుక్కుంటారు. కెమెరా 3 గుడిసె దగ్గర 43 ఇచ్చి, హాలు దాటి బండి దగ్గరికి పోయి, ఫోకస్ సరిచూసుకోవాలి. చక్రాల స్టాండు మీదున్న కెమెరా కేబులుతో సహా 18 అడుగులు చప్పుడు కాకుండా జరగాలంటే 20 సెకన్లు కావాలి. 44 నాలుగు సెకన్ల షాటైతే కథ అక్కడే ఆగిపోతుంది. కార్డులు రాశాక ప్రతి కెమెరాకూ ఇలా ప్రయాణాలు లెక్కేసి, చాలనిచోట సంభాషణ పెంచాలి, లేదంటే షాటు ఇంకో కెమెరాకు మార్చాలి.

కేబుళ్ళు ఒకదాన్నొకటి దాటకూడదు. కెమెరా 1 ఎప్పుడూ ఎడమ, 3 ఎప్పుడూ కుడి, 2 నడుమ. కేబుల్ పట్టుకునే మనిషి కెమెరాకొకడు తప్పనిసరి. హెచ్‌డీఎంఐ కేబుల్ పది మీటర్లు దాటితే నమ్మలేం, బొమ్మ మధ్యలో నల్లబడుతుంది. ఎస్‌డీఐ (స్టూడియోల్లో వాడే కేబుల్) అయితే యాభై మీటర్లు హాయిగా పోతుంది.

పాత కెమెరాలకు జూమ్ ఉండేది కాదు. ముందువైపు తిరిగే చక్రానికి నాలుగు లెన్సులుండేవి, కెమెరా ప్రసారంలో లేనప్పుడు చక్రం తిప్పి లెన్సు మార్చేవాళ్ళు. దాన్ని మనమూ పాటిస్తే మంచిది. జూమ్ రింగు మీద టేపుతో మూడు గుర్తులు: వైడ్, మధ్య, క్లోజ్. గుర్తుల మధ్య ఆగడం లేదు, ప్రసారంలో ఉండగా తిప్పడం లేదు. పెళ్ళి కెమెరామన్ చేతికి జూమ్ అలవాటు, నిమిషానికొకసారి తాళిబొట్టు మీదికి పోవాలనిపిస్తుంది. టేపు వేస్తే తగ్గుతుంది. మిక్సర్ ఆపరేటర్‌కు కూడా ముందే చెప్పాలి: కట్, కాలం మారినప్పుడు మిక్స్ (ఒక బొమ్మ మెల్లగా ఇంకోదాంట్లో కలవడం), ఈ రెండే. హృదయాకారంలో బొమ్మ మార్చే 'వైప్'లు, పువ్వులు రాలడాలు వద్దు. కెమెరాను గాల్లో తిప్పే జిమ్మీ జిబ్‌ను వ్యాన్‌లోంచి దించనే వద్దు. చిత్రమేమిటంటే అలెగ్జాండ్రా ప్యాలెస్ తొలి రోజుల్లో వాళ్ళకు కట్ చేసే వీలే లేదు. ఒక కెమెరా నుంచి ఇంకోదానికి మెల్లగా కలుపుతూ పోవాల్సిందే, దానికి కొన్ని సెకన్లు పట్టేది. అందుకే అప్పటి నాటకాల నడక నిదానం.

మూడు కెమెరాలూ 25 ఫ్రేముల్లో, షట్టర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్. ఒక కెమెరా 30 ఫ్రేముల్లో ఉండిపోతే ఆ ఒక్కదాంట్లోనే లైట్లు అలలు అలలుగా కొట్టుకుంటాయి. నలుపు తెలుపు చివర్లో ఎడిటింగ్‌లో చేద్దాంలే అనుకోకండి. కెమెరాలోనే రంగు సున్నా చేసి, మానిటర్లన్నీ నలుపు తెలుపులోనే చూడాలి. ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకే బూడిదరంగైపోతాయని అప్పుడే తెలుస్తుంది. ఎర్రటి కోటు వెనక ఆకుపచ్చ గుడ్డ ఉంటే మనిషి మాయమవుతాడు. ఫ్రేము 4:3 కావాలి. 1920 పిక్సెళ్ళలో 1440 ఉంచి, అటు 240 ఇటు 240 కోసేయాలి. మానిటర్ అద్దం మీద నల్ల టేపు వేసేస్తే అందరికీ ఒకటే కొలత. బ్రిటిష్ టీవీలో 1950 దాకా అది 5:4, ఇంకా చతురస్రానికి దగ్గర. ఫ్రేము సన్నబడితే సెట్టు ఖర్చూ తగ్గుతుంది.

తెల్ల చొక్కా వేసుకున్నవాడు ఫ్రేములోకి రాగానే మిగతా ముఖాలన్నీ నల్లబడతాయి. పది లీటర్ల వేడినీళ్ళలో వంద గ్రాముల టీపొడి మరిగించి, వడగట్టి, చొక్కాను అరగంట నానబెట్టి నీడన ఆరేస్తే సరిపోతుంది. ప్రయాణం దుమ్ముకు ముల్తానీ మట్టి భుజాల మీద, టోపీ అంచున రుద్దండి. నేల మీద దుమ్ము చల్లితే కెమెరా చక్రాలు కిర్రుమంటాయి, నటులు దగ్గుతారు.

ఆస్ట్రేలియా కళ్ళకన్నా చెవులకే ముందు తెలియాలి. హాలు నేల టైల్స్, గోడలు బోడివి, మాట్లాడితే గుహలో ఉన్నట్టుంటుంది. సెట్ల వెనక, కెమెరాలకు కనిపించని ప్రతి గోడకూ షామియానా గుడ్డలు రెండు మడతలుగా, నేల మీద తివాచీలు పరవాలి. అక్కడ ఫిబ్రవరి అంటే ఎండ్లకాలమే, కాలర్ మైకులు ఆ కథకు పనికిరావు, పల్చటి చొక్కా రాపిడి అంతా వినిపిస్తుంది. పొడవాటి కర్రకు కట్టిన బూమ్ మైకే మంచిది, ఇద్దరు మనుషులు, రెండు బూములు. దానితో వచ్చే తంటా నీడ. ముఖ్యమైన లైటు, బూమ్ ఒకే వైపు నుంచి వస్తే నీడ సరిగ్గా హీరో నుదుటి మీద పడుతుంది. బూమ్ ఎడమ నుంచి వస్తే లైటు కుడి నుంచి, అదీ బాగా ఎత్తు నుంచి ఏటవాలుగా దిగాలి, అప్పుడు నీడ సెట్టు బయట నేల మీద పడిపోతుంది.

గుర్రం డెక్కలకు కొబ్బరి చిప్పలే, ఎన్నేళ్ళైనా వాటిని మించింది రాలేదు. వట్టి టైల్స్ మీద కొట్టొద్దు. పెద్ద ప్లాస్టిక్ టబ్బులో నాలుగంగుళాల ఎర్ర గ్రావెల్, పైన కాస్త ఇసుక. నాలుగు గుర్రాలకు రెండు జతల చిప్పలు చాలు, ఇద్దరూ ఒకే తాళంలో కొట్టకుండా ఉంటే. పాత తోలు బెల్టు మెలితిప్పితే బండి పట్టీల కీచు. పక్షుల కూతలు ఇంటర్నెట్ నుంచి దించుకునేటప్పుడు మన రామచిలుకలు, నెమళ్ళు రాకుండా చూడండి. గోరింక కూడా వద్దు, దాన్ని మెల్‌బోర్న్‌కు తీసుకెళ్ళి వదిలింది 1860ల్లో.

ఆరుబయలు కొద్దిగా కావాలి, అది ముందే తీసి పెట్టుకోవాలి. లైవ్ నాటకాల్లో బ్రిటిష్ వాళ్ళూ అంతే చేసేవాళ్ళు. ఈ ఫిల్మ్ ముక్కలు అందం కోసం కంటే నటుడు ఒక సెట్టు నుంచి ఇంకో సెట్టుకు పరిగెత్తడానికి ఎక్కువ అవసరం. కోటు మార్చుకుని 30 అడుగులు నడిచి కూర్చోవడానికి 40 సెకన్లు, కాబట్టి ఏ ముక్కా అంతకు తగ్గకూడదు. నీలగిరి చెట్లకు హార్స్‌లీ హిల్స్ ఉంది, 1859లో నాటిన మహావృక్షం ఇంకా నిలబడి ఉంది. అటవీ శాఖ పరిధిలో షూటింగ్‌కు ముందుగా అనుమతి తీసుకోవాల్సిందే. శేషాచలం అడవి జోలికి అసలే పోవద్దు, ఎర్రచందనం కాపలా మధ్య కెమెరా పట్టుకుని తిరిగితే నాటకం స్టేషన్‌లో ఆడాల్సొస్తుంది. పలమనేరు, కుప్పం వైపు రైతుల నీలగిరి తోటలు సులువు, యజమాని ఒప్పుకుంటే చాలు. తోటలో చిక్కు ఒకటే, చెట్లు బారులు తీరి ఉంటాయి. వరుస వెంట చూస్తే పరేడ్ గ్రౌండులా ఉంటుంది, వరుసలకు కోణంగా కెమెరా పెడితే అడవిలా కనిపిస్తుంది. పొద్దున తొమ్మిదిలోపే తీయాలి. కింద వయ్యారిభామ పూలుంటే పీకేయండి. ఆవులు కావాలంటే మూపురం లేని జెర్సీ క్రాస్‌వి, మన జిల్లాలో వాటికి కరువు లేదు. కోతి ఫ్రేములోకొస్తే ఆ షాటు పోయినట్టే, ఆస్ట్రేలియా అడవుల్లో కోతుల్లేవు.

రిహార్సల్‌కు హాలు అక్కర్లేదు. ఏ మేడ మీదైనా రంగు టేపుతో మూడు సెట్లూ అసలు కొలతల్లో నేల మీద అంటించి రెండు వారాలు ఆడాలి. 1953లో బీబీసీ ఆరు భాగాల లైవ్ సైన్స్ కథ 'క్వాటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్' చేసినప్పుడు సోమవారం నుంచి శుక్రవారం దాకా బయట ఒక హాల్లో రిహార్సల్, శనివారం పగలు కెమెరాలతో, ఆ రాత్రే ప్రసారం. వాళ్ళది రోజూ అదే పని. మనం హాలు తీసుకున్న మొదటి రాత్రి సెట్టు, లైట్లు పూర్తిచేసి, మరుసటి పగలు కెమెరాలతో ఆగుతూ ఆగుతూ ఒకసారి, ఆపకుండా ఒకసారి చేసి, సాయంత్రం రెండు గంటలు అందరికీ విశ్రాంతి ఇవ్వాలి. ఆ విశ్రాంతి ఎగ్గొట్టి మూడోసారి ఆడిస్తే రాత్రికి గొంతులుండవు.

డైలాగు మరిచిపోవడం జరిగే తీరుతుంది. దానికి బ్రిటిష్ స్టూడియోల్లో ఒక చక్కటి ఉపాయముండేది. ప్రాంప్టర్ చేతిలో ఒక మీట. నొక్కితే ప్రసారంలో శబ్దం మొత్తం ఆగిపోతుంది, ప్రాంప్టర్ మాట అందిస్తాడు, మీట వదులుతాడు. ఇంట్లో చూసేవాళ్ళు తమ టీవీ సెట్టులో లోపమేమో అనుకుంటారు. మన ఆడియో మిక్సర్‌లో మెయిన్ మ్యూట్ బటన్ అదే పని చేస్తుంది, ప్రాంప్టర్ చెయ్యెత్తగానే సౌండ్ మనిషి నొక్కాలి. రెండు సెకన్లు మించకూడదు. ఇంతకంటే ఘోరాలూ జరిగాయి. 1958 నవంబరు 30న బ్రిటిష్ టీవీ నాటకాల వరుస 'ఆర్మ్‌చెయిర్ థియేటర్'లో 'అండర్‌గ్రౌండ్' అనే నాటకం ప్రసారమవుతుండగానే గారెత్ జోన్స్ అనే నటుడు గుండెపోటుతో చనిపోయాడు. మిగతావాళ్ళు అతని మాటలు పంచుకుని నాటకం ముగించారు. ప్రతి ముఖ్యమైన సమాచారం కనీసం ఇద్దరు నటులకు కంఠతా వచ్చి ఉండాలన్న నియమం ఇప్పటికీ పనికొస్తుంది.

శబ్దం, పెదవులు కలవడం ఒకసారి సరిచూసుకోండి. మిక్సర్ దాటేసరికి బొమ్మ రెండు మూడు ఫ్రేములు వెనకబడుతుంది, అంటే 80 నుంచి 120 మిల్లీసెకన్లు. కెమెరా ముందు చప్పట్లు కొట్టించి, చప్పుడు ముందొస్తే ఆడియోకు అంత ఆలస్యం పెట్టాలి.

లైవ్ పంపేటప్పుడే రికార్డింగు రెండు చోట్ల జరగాలి, మిక్సర్ నుంచి ఒకటి, విడి రికార్డర్‌లో ఒకటి, వీలైతే మూడు కెమెరాల కార్డుల్లోనూ. యూట్యూబ్‌లో ఎలాగూ ఉంటుందిగా అనుకోవద్దు, నెట్ తడబడిన ప్రతిచోటా బొమ్మ ముద్దయిపోయి అలాగే మిగిలిపోతుంది. విప్‌లాష్ ఫిల్మ్ మీద తీశారు కాబట్టి ఇవాళా చూడగలుగుతున్నాం. లైవ్ నాటకాలు మళ్ళీ వేయాలంటే నటుల్ని పిలిచి మళ్ళీ ఆడించేవాళ్ళు, దాచాలనుకున్నవాటిని టీవీ తెర ముందు ఫిల్మ్ కెమెరా పెట్టి తీసేవాళ్ళు. క్వాటర్‌మాస్ ఆరు భాగాల్లో అలా తీసింది మొదటి రెండే. రెండో భాగం తీస్తుండగా ఒక పురుగొచ్చి ఆ తెర మీద వాలింది. నిమిషాల తరబడి కదల్లేదు, ఆ భాగంలో ఇప్పటికీ కనిపిస్తుంది. ఆషాఢంలో మన దగ్గర దీపపు పురుగులకు లెక్కుండదు. హాలు కిటికీలకు దోమతెర వేసి, సాయంత్రం ఆరు తర్వాత బయటి లైట్లు ఆర్పించండి.